ఆటోపే పెట్టేటప్పుడు ఎవరూ చదవని గడి

కరెంటు బిల్లుకో, ఓటీటీకో, బండి ఈఎంఐకో ఆటోపే పెట్టేటప్పుడు స్క్రీన్ మీద నాలుగు వివరాలు వస్తాయి. డబ్బు ఎవరికి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎన్నాళ్లకోసారి, ఎంత. మొదటి మూడింటినీ ఓ చూపు చూస్తాం. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి అది మన బిల్లే అనుకుని పిన్ కొట్టేస్తాం. అక్కడున్నది బిల్లు కాదు. 'గరిష్ఠంగా ఇంత' అని. నెలకు 900 వచ్చే కరెంటు బిల్లుకు ఆ గడిలో 5,000 ఉండొచ్చు, 15,000 కూడా ఉండొచ్చు. పిన్ కొట్టామంటే 'ఇంతలోపు ఎంతైనా నన్ను అడక్కుండా తీసుకో' అని రాసిచ్చినట్టే.

ఆటోపే అంటే నమ్మకం లేదనే పెద్దవాళ్లను చూసి ఇంట్లో పిల్లలు నవ్వుతుంటారు. ఈసేవ కౌంటర్ ముందు క్యూ కట్టి, రసీదు మడిచి డైరీలో పెట్టుకున్న తరం అది. వాళ్ల పద్ధతిలో ఒక పని దానంతటదే జరిగిపోయేది: డబ్బు చేతిలోంచి వదిలేముందు బిల్లు మీద కన్ను పడేది. ఆటోపేలో క్యూ పోయింది, మంచిదే. ఆ చూపు కూడా పోయింది, అదే చిక్కు. ఎక్కడ ఆ చూపు లేకపోయినా పర్లేదో, ఎక్కడ కచ్చితంగా ఉండాలో తెలిస్తే చాలావరకు పని అయిపోయినట్టే.

ముందు ఒక విషయం. మనం 'ఆటోపే' అని ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి మూడు వేర్వేరు దారులు. ఒక దారిలో పెట్టినదాన్ని ఇంకో దారిలో వెతికితే దొరకదు. 'యాప్‌లో చూశాను, ఏమీ లేదు, అయినా కట్ అయ్యాయి' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

మొదటిది నాచ్. పాత ఈసీఎస్ పద్ధతి స్థానంలో వచ్చింది. ఈఎంఐలు, ఎల్ఐసీ ప్రీమియంలు, సిప్‌లు ఎక్కువగా దీనిమీదే నడుస్తాయి. ఇది నేరుగా మీ బ్యాంకు ఖాతా నుంచి లాగుతుంది. ఫోన్‌పే, గూగుల్ పేలలో ఎంత వెతికినా కనిపించదు, బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో 'మ్యాండేట్స్' అనే చోట ఉంటుంది. మ్యాండేట్ అంటే నా ఖాతాలోంచి తీసుకో అని మీరు రాసిచ్చిన అనుమతి. ప్రతి మ్యాండేట్‌కూ యూఎంఆర్ఎన్ అని 20 అక్షరాల నంబర్ ఉంటుంది. ఆపమని అడగడానికైనా, ఫిర్యాదు చేయడానికైనా ఆ నంబరే ఆధారం.

రెండోది కార్డు మీద పెట్టే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్రతిసారీ ఈ కార్డు నుంచే తీసుకో అని ముందే ఇచ్చే ఆదేశం. మూడోది యూపీఐ ఆటోపే, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020 జూలైలో మొదలుపెట్టింది. ఈ రెండింటికీ రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనలు వర్తిస్తాయి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే ఎవరికి, ఎంత, ఎప్పుడు అని మీకు మెసేజ్ రావాలి. ఆ ఒక్కసారికి వద్దనుకునే వీలు ఆ మెసేజ్‌లోనే ఇవ్వాలి. కట్ అయ్యాక మళ్లీ మెసేజ్ రావాలి. ఈ సదుపాయానికి మీ దగ్గర రుసుం తీసుకోకూడదు. 15,000 రూపాయల దాకా పిన్, ఓటీపీ అక్కర్లేదు, ఆపైన ప్రతిసారీ మీరు ఒప్పుకోవాల్సిందే. మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం ఈ హద్దును 2023 డిసెంబర్‌లో లక్షకు పెంచారు. ఈ నిబంధనలు 2021 అక్టోబర్ 1న గట్టిగా అమల్లోకి వచ్చినప్పుడు కార్డుల మీద నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్లు చాలా ఆగిపోయాయి. అప్పుడు అందరూ విసుక్కున్నారు గానీ జనం డబ్బుకు దాంతోనే ఓ గొళ్లెం దొరికింది.

నాచ్‌కు మాత్రం ఆ 24 గంటల నిబంధన వర్తించదు. అప్పిచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లు ఎస్సెమ్మెస్ పంపితే పంపుతారు. 15,000 హద్దు కూడా దానికి లేదు. అంటే పెద్ద మొత్తాలు పోయే దారిలోనే ముందస్తు కబురు తక్కువ. ఇది గుర్తుంచుకోవాలి.

బండి లోన్ తీసుకునేటప్పుడు షోరూమ్‌లో సంతకం పెట్టించుకునే నాచ్ ఫారం ఒక్కసారి తీరిగ్గా చూడండి. అరపేజీ కాగితం. 'ఫ్రీక్వెన్సీ' అనే చోట నెలకోసారి, మూణ్నెల్లకోసారి, ఆర్నెల్లకోసారి, ఏడాదికోసారి అని గడులుంటాయి. చివర్న ఇంకోటి ఉంటుంది, 'యాజ్ అండ్ వెన్ ప్రెజెంటెడ్' అని. అంటే వాళ్లు ఎప్పుడు పంపితే అప్పుడు, నెలలో ఎన్నిసార్లయినా. ఏజెంట్ టిక్ పెట్టేది ఎక్కువగా అక్కడే. పక్కన 'డెబిట్ టైప్': ఫిక్స్‌డ్ అమౌంటా, మ్యాగ్జిమమ్ అమౌంటా. ఈఎంఐ 8,500 అయితే మ్యాగ్జిమమ్ దగ్గర 17,000 రాస్తారు. ఒక నెల తప్పితే రెండు వాయిదాలూ, వాటితోపాటు జరిమానా కలిపి లాగడానికి అది వాళ్ల వెసులుబాటు. కింద కాలపరిమితి: ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని రెండు తేదీలు. పాత ఫారాల్లో దాని కిందే 'రద్దు చేసేదాకా' అనే గడి కూడా ఉండేది. 36 నెలల లోన్‌కు ఆ గడిలో టిక్ పడితే, లోన్ తీరి ఏళ్లు గడిచినా మ్యాండేట్ బతికే ఉంటుంది.

ఇలాంటి ఫారాలు రెండో మూడో, అంకెలు వేయకుండా, సంతకం మాత్రం పెట్టించుకునే అలవాటు కూడా ఉంది. 'సర్, ఒకటి రిజెక్ట్ అయితే ఇంకోటి పనికొస్తుంది' అంటారు. ఖాళీ చెక్కు మీద సంతకం చేయమంటే చెయ్యి ఆగుతుంది. ఈ ఫారం దగ్గర ఎందుకో ఆగదు. మొత్తం, ఫ్రీక్వెన్సీ, చివరి తేదీ, ఈ మూడూ నింపి ఉంటేనే సంతకం పెట్టండి, పెట్టినదాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇప్పుడు ఆధార్ ఓటీపీతోనో డెబిట్ కార్డుతోనో చేసే ఈ-నాచ్ వచ్చింది. అందులోనూ ఇవే గడులు. కాకపోతే చిన్న అక్షరాల్లో, షోరూమ్ వాళ్ల ట్యాబ్‌లో, 'ఓటీపీ చెప్పండి సర్' అన్న తొందరలో.

ఈఎంఐకి ఆటోపే వద్దని నేననను. పెట్టాల్సిందే. మొత్తం ముందే తెలుసు, నెలనెలా మారదు, తప్పితే శిక్ష పెద్దది. ఎంత పెద్దదో లెక్కేద్దాం. ఖాతాలో 8,500 ఉండాల్సింది 8,300 ఉంది. బ్యాంకు వేసే రిటర్న్ చార్జీ 500 అనుకుందాం, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590. అప్పిచ్చిన సంస్థ వేసే బౌన్స్ చార్జీ ఇంకో 590. రెండు రోజులకు వాళ్లు మ్యాండేట్‌ను మళ్లీ పంపుతారు. అప్పటికీ బ్యాలెన్స్ లేకపోతే బ్యాంకు ఇంకో 590 తీస్తుంది. 200 తక్కువైనందుకు పోయింది 1,770. దానిమీద క్రెడిట్ స్కోరు దెబ్బ వేరే. పైగా నాచ్ బౌన్స్‌ను చెక్ బౌన్స్‌తో సమానంగా చూస్తారు. పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, 2007లోని 25వ సెక్షన్ ప్రకారం కోర్టు దాకా లాగొచ్చు, రెండేళ్ల దాకా జైలు పడే నిబంధన ఉంది. నోటీసు చూసి బెదిరిపోయేవాళ్లకు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఇక్కడినుంచే.

బౌన్స్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు టైముది. 'అయిదో తారీఖే కదా, పొద్దున పదింటికి వేశాను, అయినా బౌన్స్ అయింది' అంటారు. నాచ్ డెబిట్లు చాలా బ్యాంకుల్లో ఆ రోజు ఉదయాన్నే పడతాయి. మీరు పదింటికి డబ్బు వేసేసరికి అక్కడ కథ అయిపోయి ఉంటుంది. నాలుగో తారీఖు సాయంత్రానికే డబ్బు ఉండాలి. రెండోది సెలవుల లెక్క. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ నడుస్తోంది. ఆదివారం కట్ కాదులే, ఉగాది కదా రేపు చూద్దాంలే అనే పాత ధీమా ఇప్పుడు చెల్లదు. మూడోది, జీతం ఏడున పడేవాళ్లు ఈఎంఐ అయిదున పెట్టుకోవడం. లోన్ మొదట్లో అడిగితే తేదీ మార్చడం తేలిక, తర్వాత అడిగితే కొత్త మ్యాండేట్, కొత్త కాగితాలు.

కరెంటు బిల్లు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొత్తం నెలనెలా మారుతుంది. లెక్క కట్టేది అవతలివాళ్లు. లెక్కలో తేడా వస్తే పట్టుకోవాల్సింది మనం. ఆటోపే పెడితే ఆ పట్టుకునే మనిషే సీన్‌లో ఉండడు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఇళ్ల టారిఫ్ చూడండి. నెలకు 200 యూనిట్లు కాల్చితే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. మొత్తం ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. ఇప్పుడు 201 యూనిట్లు కాల్చారనుకోండి. స్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికైతే ఇంకా ఘోరం. 200 దాటిన నెలలో రాయితీ ఉండదు, మొత్తం బిల్లు కట్టాలి. మే నెలలో ఏసీ ఓ గంట ఎక్కువ వేస్తే సున్నా కాస్తా వెయ్యి పైమాటే.

ఇంత సన్నటి గీత మీద బిల్లు నిలబడినప్పుడు రీడింగ్ సరిగ్గా తీశారా అన్నది చూసుకోవాలి. చూడాల్సినవి పెద్దగా ఏమీ లేవు. స్పాట్ బిల్లు మీద ఈసారి రీడింగ్, పోయినసారి రీడింగ్, రెండు తేదీలూ ఉంటాయి. మీటర్ దగ్గరికెళ్లి నిలబడితే అందులో అంకె బిల్లులోని ఈసారి రీడింగ్ కంటే కాస్త ఎక్కువగా ఉండాలి. రీడింగ్ తీశాక కూడా కరెంటు వాడుతూనే ఉన్నాం కదా. అది బిల్లు కంటే తక్కువ ఉందంటే ఎక్కడో తప్పు జరిగింది. తేదీలు ఎందుకంటే, రీడింగ్ తీసే అబ్బాయి నాలుగైదు రోజులు ఆలస్యంగా వస్తే యూనిట్లు పెరుగుతాయి, ఎన్ని రోజుల వాడకానికి ఏ స్లాబ్ వేశారో అడగడానికి ఆ రోజుల లెక్క కావాలి. ఇంటికి తాళం ఉంటే 'డోర్ లాక్' అని పడి సగటు మీద బిల్లు వస్తుంది, తర్వాతి రీడింగ్‌లో సర్దాలి. మీటర్ ఆగిపోయినా అంతే. ఆంధ్రలో అయితే ఎనర్జీ చార్జీ కింద ట్రూ-అప్ అనీ, ఎఫ్‌పీపీసీఏ అనీ ఇంకొన్ని లైన్లు. ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు వసూలు చేసేది అది. ఆ ఇంట్లో అప్పుడున్నది వేరే అద్దెకుండేవాళ్లయితే ఎవరు కట్టాలన్న తగాదా బిల్లు చూస్తేనే కదా మొదలయ్యేది! ఆటోపే ఉంటే ఇప్పుడున్నవాళ్లు నోరెత్తకుండా కట్టేసినట్టు.

తప్పు బిల్లు కట్టేశాక డబ్బు వెనక్కి రావడం అరుదు. తర్వాతి బిల్లుల్లో సర్దుబాటు చేస్తారు, అదీ కరెంటు బిల్లుల ఆఫీసు చుట్టూ తిరిగాక. కట్టకముందు ఫిర్యాదు పెడితే బిల్లు సవరించి ఇవ్వడం తేలిక. బిల్లు తేదీ నుంచి డ్యూ డేట్‌కు దాదాపు రెండు వారాలు ఉంటుంది, ఫ్యూజు పీకే తేదీ ఆ తర్వాత ఇంకోటి, రెండూ బిల్లు మీదే ముద్రించి ఉంటాయి. ఆ రెండు వారాలు మనకిచ్చిందే చూసుకోవడానికి. బిల్లు పడీపడగానే కట్ అయిపోయేలా ఆటోపే పెట్టుకుంటే ఆ గడువును మనమే వదులుకున్నట్టు.

ఇంకో ప్రమాదం, మధ్యవర్తి యాప్. 2024 జూలై 1న తెలంగాణ దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఒక ప్రకటన ఇచ్చింది. ఫోన్‌పే, పేటీఎం, గూగుల్ పే లాంటి వాటిలో బిల్లులు కట్టడం ఆగిపోయింది, తమ సొంత వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో కట్టమని. బిల్లుల చెల్లింపులకు ఉమ్మడి వేదికైన భారత్ బిల్ పే ద్వారానే వెళ్లాలన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశాల పర్యవసానం అది. ఆంధ్ర డిస్కంల వినియోగదారులకూ అప్పుడు ఇదే తిప్పలు. డిస్కంలు భారత్ బిల్ పేలో చేరాక యాప్‌లు మళ్లీ పనిచేశాయి. చేత్తో కట్టే అలవాటున్నవాళ్లకు ఆ రోజుల్లో ఫోన్ స్క్రీన్ మీద విషయం తెలిసిపోయింది. 'అదే కట్ అవుతుందిలే' అని వదిలేసినవాళ్లకు ఎవరు చెబుతారు? లైన్‌మ్యాన్ నిచ్చెన వేసినప్పుడు తెలుస్తుంది.

కాబట్టి కరెంటు బిల్లుకు నా సలహా: ఆటోపే వద్దు, రిమైండర్ చాలు. తెలంగాణలో యూఎస్‌సీ నంబర్, ఆంధ్రలో సర్వీస్ నంబర్ యాప్‌లో ఒకసారి ఎక్కించి పెట్టుకుంటే కొత్త బిల్లు పడగానే యాప్ చెబుతుంది. తెరిచి, రీడింగ్ చూసి, కట్టడానికి రెండు నిమిషాలు. ఆటోపే పెట్టే తీరాలంటే గరిష్ఠ మొత్తాన్ని మీ వేసవి బిల్లుకు కాస్త పైన పెట్టండి. ఏప్రిల్, మే బిల్లుల్లో పెద్దది 2,600 అయితే 3,000 పెట్టండి, 15,000 కాదు. బిల్లు 3,000 దాటిన నెలలో ఆటోపే ఫెయిల్ అవుతుంది. అవ్వాలి. ఆ ఫెయిల్ మెసేజే మీకు కాపలా.

క్రెడిట్ కార్డు ఆటోపేలో గడి వేరు, మోసం అదే. పెట్టేటప్పుడు రెండు బొత్తాలు కనిపిస్తాయి: 'టోటల్ డ్యూ', 'మినిమమ్ డ్యూ'. రెండోది ఎంచుకుంటే లేట్ ఫీజు పడదు, మెసేజ్ కూడా 'పేమెంట్ అందింది, ధన్యవాదాలు' అనే వస్తుంది. బిల్లు 40,000, మినిమమ్ 5 శాతం అంటే 2,000 కట్ అయింది. మిగిలిన 38,000 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 1,330, దానికి జీఎస్టీ 239 రూపాయల 40 పైసలు. నిజానికి ఇంకా ఎక్కువే అవుతుంది, వడ్డీని డ్యూ డేట్ నుంచి కాదు, కొన్న తేదీ నుంచే వేస్తారు. ఆ నెల కొత్తగా గీకిన వాటికి వడ్డీలేని గడువు కూడా పోతుంది. ఏడాదిపాటు అన్నీ సవ్యంగా కడుతున్నానని నమ్ముతూ అప్పు పెంచుకుంటూ పోవచ్చు. మినిమమ్ డ్యూ మీద ఆటోపే కంటే ఆటోపే లేకపోవడమే నయం. అసలు కట్టడం మరిచిపోయినా, డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ మూడు రోజుల్లో మేలుకుంటే జరిమానా పడదు.

ఇంకో చిన్న చిక్కు. స్టేట్‌మెంట్ వచ్చాక ఏదైనా వస్తువు వాపసు చేసి రిఫండ్ వచ్చినా, కొన్ని బ్యాంకుల్లో ఆటోపే మాత్రం స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తాన్నే లాగొచ్చు. మీరు ముందే చేత్తో కట్టేసినా కొన్ని బ్యాంకులు మళ్లీ లాగుతాయి. డబ్బు పోదు, కార్డులో జమగా ఉంటుంది. ఖాతాలో మాత్రం ఆ నెల లోటు పడి, అయిదో తారీఖు ఈఎంఐ బౌన్స్ అవ్వొచ్చు. డ్యూ డేట్‌కు రెండు మూడు రోజుల ముందు నుంచి చేత్తో కట్టొద్దు, ఆటోపేకే వదిలెయ్యండి.

ఇక ఒక్క రూపాయి ట్రయల్. పిల్లల రైమ్స్ యాప్, జాతకాల యాప్, ఇంగ్లిష్ నేర్పే యాప్, ఏదైనా సరే. 'ఏడు రోజులు ఒక్క రూపాయే' అంటుంది. యూపీఐ పిన్ అడుగుతుంది. కొట్టేది రూపాయికి అనుకుంటాం, ఒప్పుకునేది మూణ్నెల్లకోసారి 499కి, చివరి తేదీ ఎక్కడో పదేళ్ల తర్వాత. ఎనిమిదో రోజున కట్ అవుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే స్క్రీన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' పేరుతో ఇలాంటి ఉచ్చులను తప్పుబట్టింది. ఉచ్చులు మాత్రం ఉన్నాయి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే ఆటోపే పోతుందనుకోవడం ఇందులో అసలు పొరపాటు. యాప్ పోతుంది. మ్యాండేట్ ఉన్నది మీ బ్యాంకు ఖాతా మీద, అది అలాగే ఉంటుంది.

తీసేయాల్సింది యూపీఐ యాప్‌లో. పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే 'ఆటోపే' అనే వరస కనిపిస్తుంది. అందులో నడుస్తున్నవన్నీ ఉంటాయి. ఒకదాన్ని తెరిస్తే 'పాజ్', 'క్యాన్సిల్' రెండూ కనిపిస్తాయి. పాజ్ తాత్కాలికం, క్యాన్సిల్ నొక్కి పిన్ కొడితేనే అసలు రద్దు. మీరు రెండు మూడు యూపీఐ యాప్‌లు వాడుతుంటే ఏ యాప్‌తో ఒప్పుకున్నారో దాంట్లోనే వెతకాల్సి వచ్చేది. ఏ యాప్‌లోనైనా అన్ని ఆటోపేలూ చూపించాలని 2025 అక్టోబర్‌లో ఎన్‌పీసీఐ ఆదేశించింది, కాబట్టి యాప్ అప్‌డేట్ చేసి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ ద్వారా కొన్న సబ్‌స్క్రిప్షన్లు మళ్లీ వేరే చోట ఉంటాయి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్', అక్కడ.

2025 ఆగస్టు 1 నుంచి యూపీఐ ఆటోపేలు రద్దీలేని వేళల్లోనే నడవాలి: ఉదయం పదికి ముందు, మధ్యాహ్నం ఒకటి నుంచి అయిదు దాకా, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. ఒకసారి ఫెయిలైతే ఇంకో మూడుసార్లు ప్రయత్నించొచ్చు. అందుకే ఉదయం 'ఫెయిల్' అని మెసేజ్ వచ్చాక కంగారుపడి చేత్తో కట్టేస్తే, మధ్యాహ్నం ఆటోపే కూడా పోయి రెండుసార్లు కట్టినట్టవుతుంది. ఫెయిల్ మెసేజ్ వచ్చినా గడువు ఇంకా ఉంటే ఆ రోజు రాత్రిదాకా ఆగడం మంచిది.

అన్నింటికీ పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. ఆటోపేలన్నీ జీతం పడే ఖాతా మీద కాకుండా ఇంకో సేవింగ్స్ ఖాతా మీద పెట్టండి. నెల మొదట్లో ఈఎంఐ, ప్రీమియం, సిప్ లెక్కేసి, పైన ఓ రెండు వేలు కలిపి అందులోకి పంపండి. ఎవడు ఎంత లాగినా అంతకు మించి పోదు. మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేని ఖాతా అయితే మరీ మంచిది, లేకపోతే ఆ జరిమానా ఇంకోటి. ఈ ఏర్పాటులో ఒక లొసుగు ఉంది. పంపడం మరిచిపోతే అన్నీ ఒకేసారి బౌన్స్ అవుతాయి. జీతం ఖాతా నుంచి ఈ ఖాతాకు నెలనెలా వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకోవచ్చు. మీ డబ్బు మీ ఖాతాకే వెళ్తుంది కనుక ఆ ఆటోమేటిక్‌తో పేచీ లేదు.

ఆపాల్సి వస్తే వరస ముఖ్యం. ముందు డబ్బు తీసుకునే సంస్థకు ఈ-మెయిల్, తర్వాత బ్యాంకులో రద్దు. బ్యాంకుకు చెప్పేది నోటితో కాదు, నెట్ బ్యాంకింగ్‌లో అయినా, కాగితం మీద అయినా యూఎంఆర్ఎన్ రాసి, ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. కట్ అయ్యే తేదీకి నాలుగైదు రోజుల ముందే చేయాలి, చివరి నిమిషంలో చేస్తే ఆ నెల ఫైలు అప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు. బ్యాంకులో రద్దు చేశాక కూడా నాచ్ మీద డబ్బు పోతే బాధ్యత మీ బ్యాంకుదే. 2019 సెప్టెంబర్ నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం మర్నాటికల్లా సరిచేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి. ఈ వంద సంగతి కౌంటర్‌లో వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఫిర్యాదులో మీరే రాయాలి. 30 రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, సమాచారానికి 14448. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చులకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మ్యాండేట్ రద్దు చేస్తే అప్పు రద్దవదు, ఈ మాట చెప్పక తప్పదు. లోన్ యాప్‌తో గొడవపడి నాచ్ ఆపేసినా వాయిదా చేత్తో కడుతూనే ఉండాలి. లోన్ పూర్తిగా తీరాక మాత్రం బాకీ లేదనే ఎన్ఓసీతో పాటు మ్యాండేట్ రద్దు చేసినట్టు కూడా రాయించుకుని, బ్యాంకులో చూసి నిర్ధారించుకోవాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి ఇంటి బిల్లులకు ఆటోపే పెట్టినవాళ్లకు అసలు బలహీనత సిమ్. ఆ 24 గంటల ముందు మెసేజ్, ఓటీపీ, ఫెయిల్ కబురు, అన్నీ వచ్చేది ఇక్కడి నంబర్‌కే. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా ఉంటే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. అప్పటినుంచి కట్ అవుతున్నదీ తెలియదు, ఆగిపోయిందీ తెలియదు. సిమ్‌కు రీచార్జ్ వేయించి పెట్టడం, బ్యాంకులో ఈ-మెయిల్ అలర్ట్‌లు కూడా పెట్టుకోవడం చేయాలి. తాళం వేసిన ఇంటి కరెంటు బిల్లు నెలనెలా కనీస చార్జీల దగ్గరే ఉండాలి. ఉన్నట్టుండి వందల్లో వచ్చిందంటే ఎవరో వాడుతున్నారు, లేదా రీడింగ్ తప్పు. ఆటోపే పెట్టినా గరిష్ఠ మొత్తం 300 దగ్గర బిగించండి.

ఇంట్లో పెద్దాయన పేరు మీదే ఖాతా, ఆయన ఫోన్‌లోనే ఆటోపేలు ఉన్న ఇళ్లు మనదగ్గర ఎక్కువ. ఆయన పోయాక బ్యాంకుకు చెప్పేదాకా అన్నీ కట్ అవుతూనే ఉంటాయి. చెప్పగానే ఖాతా స్తంభించి అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి, అందులో అమ్మ పేరు మీది ఆరోగ్య బీమా కూడా ఉండొచ్చు. నెలవారీ ప్రీమియంకు గడువు దాటాక ఉండే వెసులుబాటు 15 రోజులే, ఏడాదివారీకైతే 30. కర్మకాండల్లోనే ఆ 15 రోజులు గడిచిపోతాయి. ఏ ఖాతా మీద ఏ ఆటోపే ఉంది, ఎన్నో తారీఖు, ఎంత, యూఎంఆర్ఎన్ ఏది అని ఒక కాగితం రాసి పాలసీ బాండ్ల ఫైల్లో పెట్టండి. ఏటా ఏప్రిల్‌లో ఓసారి సరిచూసి, ఆగిపోయిన ఆటోపేల వరసలు కొట్టేయండి.